వంటింటి గంజును గోడకెక్కించిన షార్డాన్

బొమ్మ గీయాల్నంటే ఏం గీయాలె? మూడు వందల ఏండ్ల కింద ఫ్రాన్స్‌ల ఈ ముచ్చట గీసెటోడు తేల్చుకునేది కాదు. పారిస్‌ల రాజుగారి కళల అకాడమీ ఉండె. అది బొమ్మలకు సుత మెట్లు కట్టింది. పై మెట్టు మీద దేవుళ్లు, పురాణాలు, యుద్ధాలు గెలిచిన రాజులు. దాని కింద పెద్దమనుషుల ముఖచిత్రాలు. ఆ కింద మామూలు జనం బతుకు. అట్టడుగున గిన్నెలు, పండ్లు, ఉల్లిగడ్డలు, చచ్చిన కుందేళ్లు. మనుషులకే కాదు, గీసే వస్తువులకు సుత ఎక్కువ తక్కువలు పెట్టిన్రన్నట్టు. ఆ అట్టడుగు మెట్టు మీద కూసోనే పేరు తెచ్చుకున్న మనిషి జాన్ సిమియన్ షార్డాన్.

1699 నవంబర్ 2న పారిస్‌ల పుట్టిండు. తండ్రిది వడ్ల పని. రాజుగారికి బిలియర్డ్స్ బల్లలు చేసి ఇచ్చేటోడు. అప్పట్ల పెద్ద పెయింటర్ అనిపించుకోవాల్నంటే లాటిన్ రావాలె, పురాణాలు తెల్వాలె, రోమ్ పోయి రావాలె. షార్డాన్‌కు ఆ సదువు లేదు. రోమ్ మొఖం చూడలే. బతుకంత పారిస్‌లనే గడిచింది. అందుకని కండ్ల ముంగట ఉన్నదాన్నే గీసిండు. ఒక కుందేలును ముంగట పెట్టుకోని, దాని బొచ్చు మీద వెలుగు ఎట్ల పడుతున్నదో చూసుకుంట మొదలువెట్టిండు.

1728ల అకాడమీకి తన బొమ్మలు చూపెట్టిండు. ఒకదాంట్ల కొక్కేనికి వేలాడదీసిన టేకు చాప, కోసిన కడుపు, ఎర్రటి పేగులు, పక్కన ఆల్చిప్పల మీద బొచ్చు నిక్కబొడుచుకున్న పిల్లి కూన. ఇంకోదాంట్ల పండ్లు పేర్చిన బల్ల, దాని దిక్కు తలెత్తి చూస్తున్న కుక్క. పెద్దలు నోరెల్లబెట్టిన్రు. లోపటికి తీసుకున్నరు గని జంతువులు, పండ్లు గీసెటోడు అనే చీటీ అతికిచ్చే తీసుకున్నరు. అంటే పీట వేసిన్రు గని, పీట ఎక్కడ వెయ్యాల్నో వాళ్లే చెప్పిన్రు.

ఆయన గీసిన సామాన్లు చూడున్రి. నల్లా ఉన్న రాగి గంగాళం. గ్లాసుల నీళ్లు, పక్కన ఎల్లిగడ్డలు. బంగారం లేదు, కిరీటం లేదు. ఇగ మనుషుల దిక్కు మళ్లినంక సుత వంటింట్లనే నిలవడ్డడు. దుంపల పొట్టు తీసుకుంట చెయ్యి ఆపి ఎటో చూస్తున్న పనామె. బజారు నుంచి రొట్టెలు, మాంసం మోసుకొచ్చి ఆయాసం తీర్చుకుంటున్న ఇంకొకామె. తొట్టి కాడ బట్టలుతుకుతున్న ఆడామె, పక్కన సబ్బు బుడగ ఊదుతున్న పోరడు. వీళ్లను చూసి నవ్వుకునేటట్టు గీయలే, జాలి పడేటట్టు గీయలే. రాణిని ఎంత ఓపికగ గీస్తరో అంత ఓపికగ గీసిండు. రంగు మీద రంగు మెల్లగ పెట్టుకుంట ఒక్కో బొమ్మకు దినాలకు దినాలు పట్టేది.

1740ల అన్నం ముంగట పిల్లలతోని దండం పెట్టిస్తున్న తల్లి బొమ్మను పదిహేనో లూయీ రాజుకు ఇచ్చిండు. ఇసొంటి బొమ్మలకు అచ్చు కాపీలు తీసి అమ్మిన్రు. పెద్ద బొమ్మ కొనలేనోళ్ల ఇండ్లల్లకు సుత అట్ల చేరినయి.

ఇంట్ల మాత్రం కష్టాలే. 1731ల పెండ్లయితే 1735ల భార్య సచ్చిపోయింది. చిన్న బిడ్డ సుత దక్కలే. 1744ల ఒక వితంతువును మళ్ల పెండ్లి చేసుకున్నడు. కొడుకును పై మెట్టు ఎక్కియ్యాల్నని పురాణాల బొమ్మలు నేర్పించిండు. కొడుకు 1754ల రోమ్ బహుమతి గెలిచిండు గని పేరు నిలవలే. తండ్రి బతికుండంగనే వెనిస్‌ల పానం పోయింది.

షార్డాన్ 1755 నుంచి అకాడమీ ఖజానా చూసిండు. ప్రదర్శనలల్ల అందరి బొమ్మలు గోడలకు తగిలిచ్చే పని సుత చేసిండు. ముసలితనాన కండ్లు దెబ్బతిని నూనె రంగులు పడక, రంగు సుద్దలు పట్టిండు. 1771ల తలకు గుడ్డ చుట్టి, కండ్లద్దాలు పెట్టుకున్న తన మొఖమే గీసిండు. 1775ల భార్య మొఖం గీసిండు. చివరి ఏండ్లల్ల పింఛన్ పెంచుమని అడిగితే రాజుగారి అధికారి కుదరదన్నడు. పురాణాలు గీసెటోళ్లకు పట్టేంత సదువు నీ బొమ్మలకు పట్టదన్నది అధికారి లెక్క. ఇన్నేండ్ల చాకిరీ తర్వాత సుత మెట్టు మాత్రం మారలే. 1779 డిసెంబర్ 6న కన్ను మూసిండు.

కాలం మాత్రం ఆ మెట్లను బోర్లేసింది. అప్పటి పురాణాల బొమ్మగాళ్లల్ల ఎంతోమంది పేర్లు ఎవలకు యాదికి లేవు. ఆ టేకు చాపను మాతిస్ అసొంటోడు ముంగట కూసోని కాపీ గీసుకున్నడు. 1761 నాటి అడవి స్ట్రాబెర్రీల బుట్ట బొమ్మ 2022ల పారిస్ వేలంల 2 కోట్ల 44 లక్షల యూరోలు పలికింది. దేశం దాటనియ్యొద్దని ఇంచుమించు 10 వేల మంది జనం తలా ఇంత చందా వేసిన్రు. అది ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంల ఉన్నది.

ఒక్కటి మాత్రం యాది పెట్టుకోవాలె. ఆ బొమ్మల పేర్లల్ల దుంపల పొట్టు తీసినామె పేరు లేదు, మూట మోసినామె పేరు లేదు. పనామె అనే ఉన్నది. షార్డాన్ వాళ్లకు చోటిచ్చిండు, పేరియ్యలే. ఆ బాకీ ఇంకా ఉన్నది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీ చేతులల్ల ఫోన్లున్నయి. రీల్ తీయాల్నంటే అద్దె కారు, పట్నం మాల్ దేవులాడుతున్నరు. మనింటి గంజు, కల్లం కాడి చాట, బీడీలు చుట్టే అమ్మ చేతులు కెమెరాకు పనికిరావని ఎవలు చెప్పిన్రు? మన యాస తక్కువదని చెప్పినోళ్లే అదీ చెప్పిన్రు. వాళ్లు కట్టిన మెట్లు వాళ్లకే ఉండనియ్యిన్రి. అమ్మ చేతులు తీయున్రి, కింద ఆమె పేరు సుత రాయున్రి.