మొక్కజొన్నను చదివిన విదుషి : బార్బరా మెక్‌క్లింటాక్

ఎండ మండినపుడు పశువు నీడకు పోవును, పక్షి యెగిరిపోవును. మొక్క మాత్రము నిలిచినచోటనే నిలిచి ఆ కష్టమును భరింపవలెను. అది యెట్లు భరించునో తెలిసికొనుటకు త్రోవ చూపినవారిలో బార్బరా మెక్‌క్లింటాక్ ముఖ్యురాలు. ఆమె చరిత్రమును మన బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

ఆమె 1902వ సంవత్సరము జూన్ 16వ తేదీన అమెరికా దేశమందలి హార్ట్‌ఫర్డ్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. కళాశాలలో చదివిన పిల్లకు పెండ్లి కాదని తల్లి జంకెను. యుద్ధసేవనుండి తిరిగివచ్చిన తండ్రి చదువునకు సమ్మతించెను. ఆ సమ్మతితో ఆమె 1919లో కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరి, 1927లో వృక్షశాస్త్రమున డాక్టరు పట్టమును బడసెను.

జీవకణములో క్రోమోసోములను సన్నని పోగులుండును. వానియందు వరుసగా నమరియున్న జన్యువులే మొక్క రూపమును, రంగును నిర్ణయించును. క్రోమోసోములు తమ భాగములను ఒండొంటితో మార్చుకొనునపుడు జన్యువులును వానితో మారునని 1931లో హారియెట్ క్రైటన్‌తో కలసి ఆమె మొక్కజొన్నయందు నిరూపించెను.

1941లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయమున చేరెను. అచ్చట విరిగిన క్రోమోసోములు గల మొక్కలను పెంచుచుండగా వింతమచ్చలు కానవచ్చెను. ఏండ్లతరబడి పరిశీలించి ఆమె కారణమును కనుగొనెను. జన్యుపదార్థములో కొన్ని తునుకలు ఒకచోటు విడిచి మఱియొకచోటికి దుముకును. రంగునిచ్చు జన్యువులో అట్టి తునుక చొచ్చినచో గింజకు రంగు రాదు. గింజ పెరుగుచుండగా ఏ కణమునుండియైన నది తొలగినచో, ఆ కణము సంతతి యున్నంతమేర రంగుమచ్చ వెలయును. జన్యువులను ఆపునవియు, నడపునవియు గలవని యిట్లు తేలెను.

1951లో ఈ సంగతిని శాస్త్రజ్ఞుల సభలో తెలుపగా పెక్కుమందికి బోధపడలేదు, కొందరు నమ్మలేదు. ఆమె ప్రకటనలు తగ్గించెను గాని పరిశోధనమును విడువలేదు. తరువాత బాక్టీరియాలలోను, పండ్లయీగలలోను అట్టి తునుకలే కనబడగా లోకము ఆమెవైపు తిరిగెను. 1983లో, 81వ యేట, వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ఆమె కొక్కతెకే యొసగబడెను. ఆపద కలిగినపుడు జీవకణము తన జన్యువుల అమరికనే మార్చుకొనగలదని ఆ సందర్భమున చేసిన ఉపన్యాసములో వివరించెను. 1992 సెప్టెంబరు 2వ తేదీన పరమపదించెను.

ఆమె సాధనములు సూక్ష్మదర్శినియు, ఓర్పును. నేటి శాస్త్రజ్ఞులు మొక్కలను వేడికి, చలికి, ఉప్పునకు గుఱిచేసి, ఏ జన్యువు మేల్కొనెనో, ఏది యణగెనో లెక్కింతురు. జన్యువులు వేలకొలది యగుటచే ఆ లెక్క కంప్యూటరులకే సాధ్యము. 2009లో ప్రకటింపబడిన మొక్కజొన్న జన్యుపటములో నూటికి ఇంచుమించు 85 పాళ్లు ఆ తునుకల జాతివే యని తేలినది. కష్టకాలమున మేల్కొను జన్యువులు కొన్నిటి చెంతనే అవి యున్నవనియు కంప్యూటరు లెక్కలు చూపినవి.

చుట్టునున్నవారికి తెలియని భాషను కాపాడుకొనుటకు ఎంత ఓర్పు వలయునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆమె కట్టి యోర్పు కలదు. తల్లిదండ్రులారా, చదువగోరు ఆడుపిల్లకు ఆ తండ్రివలె సమ్మతి నొసగుడు. బాలలారా, ఈమారు మొక్కజొన్న పొత్తు చేతికి వచ్చినపుడు గింజలను ఒక్కసారి పరికించి పిమ్మట తినుడు.