యంత్రశిల్పి అల్ జజరీ

వస్తువును చూచి ముచ్చటపడడం వేరు, వాడి సుఖపడడం వేరు. ఈ రెంటినీ సమన్వయించిన మహాశిల్పి అల్ జజరీ జీవితాన్ని విద్యార్థుల కొరకు సంగ్రహంగా స్మరిస్తున్నాము.

ఇస్మాయిల్ అల్ జజరీ టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి జజీరా ప్రాంతీయుడు. నేడు టర్కీలో దియార్‌బకిర్ అని పిలువబడే ఆమిద్ నగరంలో, అర్తుఖీ ప్రభువుల కొలువున పాతికేళ్ళు సేవచేశారు. పిమ్మట సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్ ఆజ్ఞపై 50 యంత్రాలను వివరించే అరబ్బీ గ్రంథాన్ని 1206లో ముగించారు.

కొలువు వినోదానికై చేసినవి వానిలో అనేకం. అయినా అవసరాన్ని గుర్తించడంలో ఆయన దిట్ట. వజూ సమయాన సేవకులు చేతులపై నీరు పోయడం సుల్తానుకు రుచించకపోగా, తనంతట నీరు పోసే బొమ్మను కల్పించారు. మన ఏతామును పోలిన నీటిదోనె, పశువు గుండ్రంగా తిరిగితే పళ్ళచక్రాలతో లేచి దిగేటట్లు అమర్చారు.

పూర్వుల నిర్మాణాలనైనా పరీక్షింపక ఆయన అంగీకరించలేదు. ముందుగా కాగితంతో నమూనాలు చేసుకొన్నారు. చెక్క వంకరపోకుండా పలకలను పొరలుగా అతికించారు. నీరు కారే రంధ్రాన్ని కొలత కుదిరేదాకా సవరించారు.

అన్నిటికన్న మిన్న, తన విద్యను దాచుకొనలేదు. కొలతలు, పటాలు, కూర్పుక్రమం సమస్తం వ్రాసిపెట్టారు. అందుచేతనే 1976లో లండన్‌లో ఆయన జలఘడియారాన్ని తిరిగి నిర్మించగలిగారు. వ్రాత లేక శిల్పితోనే అంతరించిన విద్యలు మన దేశంలో ఎన్నో! చేతిపని నేర్చినవారు కలం పట్టాలని, కలం పట్టినవారు చేతిపనిని చిన్నచూపు చూడరాదని ఆ జీవితం మనకు బోధిస్తున్నది.