చొక్కా చేతికి బల్ల చేసిన సారా బూన్

పోయినసారి ఈ పేజీలో ఎడిసన్ జీవిత చరిత్ర వచ్చింది. ఈసారి వంతు నాది. నేను కరెంటు గురించి, రాకెట్టు గురించి రాయటం లేదు. ఇస్త్రీ బల్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి, మొత్తం చదివాక నవ్వండి.

ఆగస్టు 15 ముందు రోజు రాత్రి మన డార్మెట్రీలో ఎట్లా ఉంటుందో మీ అందరికీ తెలుసు. కొందరు టాపు మడతపెట్టి ట్రంకు పెట్టె కింద పెడతారు. కొందరు పరుపు కింద పెట్టి దాని మీద పడుకుంటారు. పెద్ద అక్కలేమో వంటగదిలో నిప్పులు అడిగి తెచ్చి, చెంబులో వేసి, బెంచీ మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తారు. టాపు ముందువైపు బాగానే వస్తుంది, వెనకవైపూ వస్తుంది. చేతుల దగ్గరికి వచ్చేసరికే పాడవుతుంది. ఒకవైపు రుద్దితే రెండోవైపు ముడత పడుతుంది. చెయ్యి పొడుగునా అట్టముక్క మడిచినట్టు రెండు గీతలు వస్తాయి. ఆ గీతలు ఎందుకొస్తాయని మనం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించిన ఆమె ఒకామె ఉంది. ఆమె పేరు సారా బూన్. బట్టలు కుట్టుకుని బతికింది. చిన్నప్పుడు బానిస.

అమెరికా దేశంలో నార్త్ కరోలినా అనే రాష్ట్రం కలదు. అక్కడ క్రేవెన్ కౌంటీలో, న్యూ బెర్న్ పట్నం దగ్గర 1832వ సంవత్సరంలో ఆమె పుట్టింది. అప్పటికి ఆమె ఇంటిపేరు మార్షల్. పూర్వం ఆఫ్రికా నుంచి నల్లవాళ్లను ఓడల్లో ఎక్కించి తెచ్చి అమెరికాలో అమ్మేవాళ్లు. వాళ్లకు పుట్టిన పిల్లలు కూడా బానిసలే. గొడ్డుకి దూడ పుడితే అది కూడా యజమానిదే కదా, అట్లాగే మనుషులను లెక్క కట్టేవాళ్లు. సారా కూడా పుట్టగానే ఒకరి సొత్తు అయిపోయింది.

ఇక్కడ నేను చదివినప్పుడు ఆగిపోయిన సంగతి ఒకటి ఉంది. సారా పుట్టడానికి కొంచెం ముందే, 1830-31లో, ఆ రాష్ట్రం వాళ్లు ఒక చట్టం చేశారు. బానిసలకు చదవడం, రాయడం ఎవరూ నేర్పకూడదు. తెల్లవాళ్లు నేర్పితే జరిమానా లేకపోతే జైలు. ఒక బానిస ఇంకో బానిసకు నేర్పితే వీపు మీద ముప్ఫై తొమ్మిది కొరడా దెబ్బలు. కానీ అదే చట్టంలో లెక్కలు నేర్పొచ్చు అని రాశారు! అంకెలు పరవాలేదు, అక్షరాలే వద్దు. ఎందుకని నేను చాలాసేపు ఆలోచించాను. బానిసకు లెక్క వస్తే మూటలు లెక్క పెడతాడు, అది యజమానికి పనికొస్తుంది. చదువొస్తే కాగితంలో ఏముందో చదువుతాడు. అందుకే అయ్యుంటుంది.

మా అమ్మకు కూడా లెక్క వచ్చు, చదువు రాదు. సంతలో చింతపండు, చీపుర్లు ఎంతకు పోయాయో వేళ్ల మీద టకటకా చెప్తుంది. చీటీ ఇస్తే మాత్రం నాకు ఇచ్చి చదవమంటుంది. అమ్మకు ఎవరూ కొరడా చూపించలేదు గానీ, మా ఊళ్లో అప్పుడు బడి లేదు.

సారాకు 1847లో జేమ్స్ బూన్ అనే అతనితో పెళ్లి అయింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. అంటే మన పదో తరగతి అక్కల వయసు. ఆ జేమ్స్ నల్లవాడే కానీ బానిస కాదు, స్వేచ్ఛ ఉన్నవాడు. ఆ పెళ్లితో సారాకు కూడా బానిసత్వం పోయింది. తరువాత వాళ్లకు ఎనిమిది మంది పిల్లలు. స్వేచ్ఛ వచ్చినా ఆ రాష్ట్రంలో నల్లవాళ్లు భయంగానే బతకాలి. అందుకని వాళ్లు ఉత్తర దిక్కున కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న న్యూ హేవెన్ అనే పట్నానికి వలస పోయారు. బానిసత్వం గురించి అమెరికాలో ఉత్తరం వాళ్లకు, దక్షిణం వాళ్లకు 1861లో యుద్ధం మొదలైంది. వీళ్లు అంతకుముందే వెళ్లిపోయారు. యుద్ధం అయ్యాక 1865లో బానిసత్వం దేశం మొత్తంలో రద్దు అయింది.

న్యూ హేవెన్‌లో జేమ్స్ ఇటుకలు పేర్చే తాపీపని చేశాడు. సారా ఆడవాళ్లకు గౌన్లు కుట్టేది. 1870ల్లో జేమ్స్ చనిపోయాడు. ఆ తరువాత కూడా ఆమె కుట్టుపని వదల్లేదు. వింటర్ వీధిలో 30వ నంబరు ఇంట్లో ఉండేది.

ఇప్పుడు ఆ కాలం గౌన్ల గురించి చెప్పాలి, లేకపోతే బల్ల సంగతి అర్థం కాదు. అప్పట్లో ఆడవాళ్ల పై బట్ట ఒంటికి అతుక్కున్నట్టు బిగుతుగా ఉండేది. చాలా ముక్కలు కోసి, వంపు వంపుగా కుట్లు వేసి, కలిపేవాళ్లు. చేతులు కూడా సన్నం. అంత కష్టపడి కుట్టి, చివర ఇస్త్రీ బాగాలేకపోతే కుట్టిన పనంతా వంకరగా కనిపిస్తుంది. కట్టించుకున్నవాళ్లు డబ్బు దగ్గర పేచీ పెడతారు. ఆ ఇస్త్రీ పెట్టె కూడా ఇప్పటిలాంటిది కాదు. 1882లోనే కరెంటు ఇస్త్రీ పెట్టెకు పేటెంటు వచ్చింది గానీ ఇళ్లల్లో కరెంటు ఎక్కడిది? ఇనప దిమ్మను పొయ్యి మీద కాల్చి, పట్టుకుని రుద్దాలి. చల్లారితే మళ్లీ కాల్చాలి. కింద ఏం వేసేవాళ్లంటే మామూలు బల్ల. లేకపోతే రెండు కుర్చీల మీద ఒక చెక్క. మన బెంచీ లాంటిదే అనుకోండి.

బెంచీ మీద చెయ్యి ఎందుకు పాడవుతుందో ఇప్పుడు చెప్తాను. చొక్కా చెయ్యి గొట్టం. దాన్ని బల్ల మీద పరిస్తే రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇస్త్రీ చేస్తే ఆ రెండు అంచులు నలిగి గీతలు వస్తాయి. గొట్టం లోపలికి సన్న చెక్క దూర్చితే? అప్పుడు పెట్టె కింద ఒక్క పొరే ఉంటుంది. చెయ్యిని చెక్క చుట్టూ తిప్పుకుంటూ రుద్దుకోవచ్చు. ఇంకో సంగతి. మీ చెయ్యి ఊరికే కిందికి వదిలి చూడండి. మోచేతి దగ్గర కొంచెం వంగి ఉంటుంది. అందుకే బాగా కుట్టిన చేతికి బయటి కుట్టు పొడుగు, లోపలి కుట్టు పొట్టి. తిన్నని చెక్క మీద వేస్తే లోపలివైపు కుచ్చు పడుతుంది.

సారా బూన్ చేసిన బల్ల సన్నంగా, కొంచెం వంగిన చింతకాయలాగా ఉంటుంది. ఒక అంచు బయటి కుట్టు వంపుకు సరిపోతుంది, రెండో అంచు లోపలి కుట్టు వంపుకు సరిపోతుంది. మరి కుడి చెయ్యికి సరిపోతే ఎడమ చెయ్యికి ఎట్లా అని నాకు అనుమానం వచ్చింది. బల్లను తిరగేస్తే సరి! రెండువైపులా వాడేటట్టు చేసింది. వాడనప్పుడు మడిచి మూల పెట్టుకోవచ్చు. ఒంటి భాగం కుట్లకు కూడా పనికొస్తుందని ఆమె కాగితంలో ఉంది. పెద్ద యంత్రమేమీ కాదు. కానీ వంద చేతులు ఇస్త్రీ చేసి విసిగిపోయిన మనిషికి తప్ప ఇంకెవరికీ ఇది తోచదు అని నాకు అనిపించింది.

నేను మొదట ఇస్త్రీ బల్ల కనిపెట్టింది సారా బూన్ అని రాశాను. మా సైన్సు మేడం గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. చాలామంది అట్లాగే రాస్తారట, అది తప్పు. 1858 నుంచే అమెరికాలో ఇస్త్రీ బల్లలకు పేటెంట్లు ఉన్నాయి. ఉన్న బల్లను ఆమె బాగుచేసింది. పేటెంటు అంటే, ఇది నా ఆలోచన, నన్ను అడక్కుండా ఇంకొకరు చేసి అమ్మకూడదు అని కొన్నేళ్ల వరకు ప్రభుత్వం ఇచ్చే హక్కు కాగితం. అదే 1858లో ఇంకోటి కూడా జరిగింది. ఒక బానిస పత్తి చేలో వాడే పనిముట్టు తయారుచేశాడు. దానికి పేటెంటు కావాలని యజమాని అడిగాడు. బానిస చేసినదానికి పేటెంటు ఇవ్వకూడదని ప్రభుత్వ పెద్ద వకీలు చెప్పాడు. చేసిన బానిసకూ లేదు, యజమానికీ లేదు. చేతులు చేసిన పని కళ్ల ముందే ఉంటుంది, ఆ చేతుల పేరు మాత్రం కాగితం మీదికి రాకూడదు.

కాగితం మీద పేరు రావాలంటే ముందు అక్షరాలు కావాలి కదా. సారా నలభై ఏళ్లు దాటాక చదవడం, రాయడం నేర్చుకుంది. ఈ ఒక్క వాక్యం నేను చాలాసార్లు చదివాను. ఎందుకంటే పోయిన వేసవి సెలవుల్లో నేను మా అమ్మకు పేరు రాయడం నేర్పుదామని కూర్చోబెట్టాను. మూడే అక్షరాలు. పలక మీద నేను రాసి దిద్దమన్నాను. కొడవలి పట్టినప్పుడు వణకని చెయ్యి బలపం పట్టినప్పుడు వణికింది. రెండో అక్షరం దగ్గర ఆపి, పొయ్యి మీద అన్నం ఉందని లేచిపోయింది. పొయ్యి ఇంకా ముట్టించనేలేదు. నాకు కోపం వచ్చి, పెద్దవాళ్లకు ఇంక రాదులే అనేశాను. అమ్మ విన్నది. ఏమీ అనలేదు.

సారాకు ఎవరు దగ్గర కూర్చుని నేర్పారో, ఎన్నిసార్లు లేచిపోయిందో, మళ్లీ ఎన్నిసార్లు కూర్చుందో. పగలంతా సూది పట్టిన చెయ్యి అది. నేర్చుకున్నది మాత్రం నిజం.

1891 జూలై 23న ఆమె పేటెంటు కోసం దరఖాస్తు పెట్టింది. తొమ్మిది నెలలకు, 1892 ఏప్రిల్ 26న, ఇచ్చారు. నంబరు 473653. అప్పటికి ఆమెకు దాదాపు అరవై ఏళ్లు. మా ఊళ్లో అరవై ఏళ్ల ముసలమ్మలను పనికి రావద్దంటారు. ఆమె బల్ల గీసుకుని, దాని గురించి కాగితాలు పెట్టించుకుని, కొత్త పని మొదలుపెట్టింది.

ఆమెకు ముందు పేటెంటు పొందిన నల్లజాతి ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1884లో జూడీ రీడ్ అనే ఆమెకు రొట్టెపిండి పిసికే యంత్రానికి ఇచ్చారు. ఆమెకు సంతకం రాదు, ఇంటూ గుర్తు పెట్టింది. నన్ను ఇక్కడ చేర్చిన రోజు మా అమ్మ వేలిముద్ర వేసింది, ఇదీ అట్లాంటిదే. 1885లో చికాగోలో సారా గూడ్ అనే ఆమెకు మడత పెడితే రాతబల్ల, విప్పితే మంచం అయ్యేదానికి ఇచ్చారు. పిండి, మంచం, ఇస్త్రీ, చూశారా, అన్నీ రోజూ చేసే పనులే.

సారా బూన్ 1904లో చనిపోయింది. న్యూ హేవెన్‌లోనే ఎవర్‌గ్రీన్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఇస్త్రీ బల్లలు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నంగా ఉంటాయి. సన్న చివర భుజానికి, చేతికి. కొనేవాళ్లు ఆ చివరను ముందు చూడాలి. తరువాత కాళ్లు విప్పి, చేత్తో నొక్కి ఊపి చూడాలి, ఊగితే వద్దు. నిలబడితే బల్ల మన నడుము దగ్గరికి రావాలి, కిందికి ఉంటే నడుము నొప్పి. పైన గుడ్డ నూలుదే ఉండాలి, నైలాన్ అయితే వేడికి కరిగి పెట్టెకు అంటుకుంటుంది. కింద ఇనప జల్లెడ ఉంటే నీళ్ల ఆవిరి కిందికి పోతుంది, బట్ట తొందరగా ఆరుతుంది.

మనం కొనలేం కాబట్టి నేను వడ్రంగం తెలిసిన మా మామయ్యను అడిగాను. చొక్కా చేతిలో దూరేంత వెడల్పు, మూర పొడుగు చెక్క చాలన్నాడు. మేకులు ఉండకూడదు, అంచులు గుండ్రంగా గీకాలి, లేకపోతే బట్ట చిరుగుతుంది, గీత పడుతుంది. దాని మీద పాత దుప్పటి ముక్క రెండు మడతలు చుట్టి, పైన నూలు గుడ్డ బిగించి కట్టాలి. స్పాంజి పెట్టొద్దు, కాలుతుంది. ఒక చివర బెంచీ మీద పెట్టి ఒకరు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రెండో చివర బయటికి ఉంటే దానికి చెయ్యి తొడగాలి. దసరా సెలవుల నుంచి వచ్చేటప్పుడు మామయ్య ఒకటి చేసి ఇస్తానన్నాడు. దాన్ని మూడో నంబరు డార్మెట్రీలో పెడతాను, ఎవరైనా వాడుకోవచ్చు. నిప్పుల చెంబు పట్టుకున్నప్పుడు పక్కన తడిగుడ్డ పెట్టుకోండి, పోయినసారి ఒక చెల్లి ఓణీకి నిప్పురవ్వ పడింది.

సెలవులకు పోయేటప్పుడు నా పాత పలక కూడా తీసుకెళ్తున్నాను. ఈసారి అమ్మ లేచిపోతే నేను ఏమీ అనను.

కింద బొమ్మ నేనే గీశాను. పైది మన బెంచీ మీద పరిచిన చెయ్యి, కిందిది సారా బూన్ బల్ల. బల్ల వంపు కొంచెం ఎక్కువ వచ్చింది, రబ్బరు పెట్టి చెరిపితే చార్టు చిరిగింది, అందుకే అక్కడ కాగితం అతికించాను.