రెనె డెకార్ట్

రెనె డెకార్ట్ (1596 మార్చి 31 – 1650 ఫిబ్రవరి 11) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త, తత్వవేత్త. బీజగణితాన్ని, రేఖాగణితాన్ని కలిపి నిరూపక రేఖాగణితానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఈయన పేరుకు లాటిన్ రూపం కార్టీసియస్. పాఠశాలలో విద్యార్థులు గీసే నిరూపక తలానికి కార్టీజియన్ తలం అనే పేరు దాని నుండే వచ్చింది.

బాల్యము, విద్య

డెకార్ట్ తురేన్ ప్రాంతంలోని లా హే అనే ఊరిలో జన్మించాడు. ఆ ఊరికి తరువాతి కాలంలో ఈయన పేరే పెట్టారు. తండ్రి న్యాయస్థానంలో అధికారి. డెకార్ట్ పసితనంలోనే తల్లి మరణించగా అమ్మమ్మ పెంచింది. లా ఫ్లెష్‌లోని జెసూట్ విద్యాలయంలో చదివాడు. బలహీనమైన ఆరోగ్యం కారణంగా ఉదయం ఆలస్యంగా నిద్ర లేవడానికి అక్కడ ఈయనకు అనుమతి ఉండేది. ఈ అలవాటు జీవితమంతా కొనసాగింది. 1616లో న్యాయశాస్త్రంలో పట్టా పొందాడు.

హాలెండు జీవితం

1618లో హాలెండు సైన్యంలో చేరాడు. బ్రెడా నగరంలో ఐజాక్ బీక్మన్ అనే పండితునితో ఏర్పడిన స్నేహం ఈయనను గణితం వైపు మళ్ళించింది. 1628లో హాలెండుకు తిరిగి వచ్చి, 20 సంవత్సరాలకు పైగా అక్కడే గడిపాడు. 1633లో గెలీలియోకు శిక్ష పడిందని తెలిసి, భూభ్రమణాన్ని సమర్థించే తన గ్రంథం ప్రచురణను ఆపివేశాడు. ఈయన కుమార్తె ఫ్రాన్సీన్ 1640లో ఐదేళ్ళ వయసులో జ్వరంతో మరణించింది.

నిరూపక రేఖాగణితం

1637లో లైడెన్ నగరంలో వెలువడిన తన గ్రంథానికి అనుబంధంగా డెకార్ట్ జ్యామితిపై ఒక భాగాన్ని చేర్చాడు. తలంలోని బిందువు స్థానాన్ని రెండు దూరాలతో చెప్పవచ్చని, ఆ దూరాల మధ్య గల సంబంధాన్ని సమీకరణంగా వ్రాస్తే అదే ఒక రేఖను వర్ణిస్తుందని ఇందులో చూపాడు. ఉదాహరణకు, మూలబిందువు నుండి కుడివైపు 3, పైకి 2 ప్రమాణాలు జరిగితే చేరేది (3, 2) బిందువు. క్రమం మార్చి (2, 3) అంటే అది వేరొక బిందువు. నిలువు దూరం అడ్డు దూరానికి ఎల్లప్పుడూ రెట్టింపుగా ఉండే బిందువులన్నీ ఒకే సరళరేఖపై ఉంటాయి.

అయితే, నేటి పాఠ్యపుస్తకాలలోని నాలుగు పాదాల పటం డెకార్ట్ గ్రంథంలో కనిపించదు. ఈయన ఒక ఆధార రేఖను తీసుకొని, దాని నుండి అనుకూలమైన కోణంలో దూరాలను కొలిచాడు. ఋణ నిరూపకాలను వాడలేదు. 1649లో వాన్ స్కూటెన్ చేసిన లాటిన్ అనువాదం ద్వారా ఈ పద్ధతి ఐరోపా అంతటా వ్యాపించింది. ఆ అనువాదాన్ని చదివిన న్యూటన్ ఋణ నిరూపకాలను కూడా ధారాళంగా ఉపయోగించాడు. ఇదే కాలంలో పియరీ ద ఫెర్మా ఇటువంటి పద్ధతినే స్వతంత్రంగా కనుగొన్నాడు. కాని అతని రచన 1679లో, మరణానంతరం అచ్చయింది. కనుక కార్టీజియన్ అనే పేరు ఒక్కరిదే అయినా, నిరూపక తలం పలువురి కృషి ఫలితం.

కప్పుపై పాకే ఈగను చూసి డెకార్ట్ నిరూపకాలను కనుగొన్నాడనే కథ ప్రచారంలో ఉంది. ఈయన రచనలలో దీనికి ఆధారం లేదు.

మరణం

స్వీడన్ రాణి క్రిస్టీనా ఆహ్వానంపై 1649లో స్టాక్‌హోం వెళ్ళాడు. గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున 5 గంటలకు రాణికి పాఠాలు చెప్పవలసి వచ్చింది. కొద్ది వారాలకే న్యుమోనియాతో మరణించాడు. 1666లో ఈయన అవశేషాలను ఫ్రాన్సుకు తరలించారు. 1819 నుండి అవి పారిస్‌లోని సెయింట్ జర్మెన్ దే ప్రే చర్చిలో ఉన్నాయి.