మురుగు తోడుకోవాలంటే: కార్ల్ ఇమ్‌హాఫ్ కథ

సివిల్ వాళ్ళకి ఇమ్‌హాఫ్ అంటే ల్యాబ్‌లో స్టాండుకి పెట్టిన కోన్. లీటరు మురుగునీళ్ళు పోసి, గంట ఆగి, అడుగున ఎన్ని మిల్లీలీటర్లు పేరుకుందో రాసుకుంటాం. ఆ పేరు గల మనిషి గురించి చదివాక, ఈసారి మన పత్రికకి ఆయన గురించే రాయాలనిపించింది.

ఇమ్‌హాఫ్ 1876లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టాడు. ఆయన ఇంజనీరు అయ్యేనాటికి రూర్ ప్రాంతమంతా బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు. కింద బొగ్గు తవ్వే కొద్దీ పైన నేల కుంగేది. భూమిలో మురుగు పైపులు వేస్తే నిలవవు. అందుకని ఊళ్ళ మురుగు, గనుల నీళ్ళు అన్నీ ఎమ్‌షర్ అనే చిన్న నదిలోకే వదిలేవాళ్ళు. పల్లం పడిన చోటల్లా ఆ నీళ్ళు నిలిచి కుళ్ళేవి. 1901లో గెల్సెన్‌కిర్ఖెన్‌లో తాగునీళ్ళ ద్వారా టైఫాయిడ్ పాకి వేలమంది మంచాన పడ్డారు, చాలామంది చనిపోయారు. ఎమ్‌షర్‌ని బాగుచేయడానికి ఊళ్ళు, గనులు, ఫ్యాక్టరీలు కలిసి 1899లోనే ఒక సంఘం పెట్టుకున్నాయి. 1906లో ఇమ్‌హాఫ్ అందులో చేరాడు.

అప్పటి సెప్టిక్ ట్యాంకుల్లో నీళ్ళు, స్లడ్జ్ ఒకే గదిలో ఉండేవి. అడుగున స్లడ్జ్ కుళ్ళి గ్యాస్ పుడుతుంది. ఆ బుడగలు తేరుకున్న మడ్డిని మళ్ళీ పైకి లేపుతాయి. నీళ్ళు నల్లగా, కంపు కొడుతూ బయటికొస్తాయి. ఇంగ్లండులో ట్రావిస్ అనే ఆయన రెండంతస్తుల ట్యాంకు కట్టాడు గానీ, మురుగులో కొంత కింది గదిలోంచి కూడా పారేది. ఇమ్‌హాఫ్ ఆ దారి మూసేశాడు. నీళ్ళు పై గదిలోంచే వెళ్ళిపోతాయి. మడ్డి మాత్రం ఏటవాలు గోడల మీంచి జారి, సన్నని సందులోంచి కింది గదిలోకి పడుతుంది. కింద పుట్టిన గ్యాస్ పక్కనుంచి పోతుంది, పై గదిలోకి రాదు. నీళ్ళకి గంటలు చాలు, స్లడ్జ్‌కి నెలలు కావాలి. ఈ రెండు టైములనీ విడదీయడమే ఆయన చేసిన పని.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఉంది. కొత్త ట్యాంకు మొదట్లో ఒక పట్టాన దారికి రాదు. ఆమ్లాలు చేసే సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి, వాటిని తిని మీథేన్ చేసేవి చాలా నెమ్మది. ఈలోపు పులిసిపోయి, నురగ పొంగి, దుర్వాసన. అలా వదిలేస్తే కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అందుకని నడుస్తున్న ట్యాంకులోంచి పండిన స్లడ్జ్ కొంత తెచ్చి వేస్తారు. పాలకి తోడు వేసినట్టే అన్నమాట! తోడుకున్న స్లడ్జ్ నల్లగా, తారు వాసనతో ఉంటుంది, ఇసుక మీద పోస్తే త్వరగా ఆరిపోతుంది.

ఈ ట్యాంకులు అమెరికా దాకా పాకాయి. 1920ల్లో ఇమ్‌హాఫ్ రూర్ నదిని చూసే సంస్థకి నాయకత్వం వహించాడు. అప్పుడే అక్కడ స్లడ్జ్ గ్యాస్‌ని పట్టి ఎసెన్ పట్టణ గ్యాస్ సరఫరాలో కలిపారు. ఆయన రాసిన చేతిపుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. 1965లో ఎసెన్‌లో కన్నుమూశాడు. ఎమ్‌షర్‌లోకి మురుగు పూర్తిగా ఆగింది మాత్రం 2021 చివర్లో.

ఇప్పుడు డైజెస్టర్‌లో వేయడానికి మేలు చేసే సూక్ష్మజీవుల కల్చర్లు అమ్ముతున్నారు. కొన్నిచోట్ల పనిచేస్తాయి, కొన్నిచోట్ల వేసిన నాలుగు రోజులకే కొట్టుకుపోతాయి. ఎందుకో ఇమ్‌హాఫ్ ట్యాంకుని చూస్తే తెలుస్తుంది. మీథేన్ చేసే జీవి రెట్టింపు అయ్యేలోపే దాన్ని బయటికి పంపేస్తే, పీహెచ్ 7 దగ్గర నిలవకపోతే, ఎంత మంచి తోడు వేసినా దండగే. ప్రాజెక్టుకి కల్చర్ కొనాలనుకునే మిత్రులారా, ముందు ఆ జీవులకి ఉండడానికి ఇల్లు, పెరగడానికి టైము ఇస్తున్నామా అని లెక్క చూసుకుందాం. తోడు సంగతి ఆ తర్వాతే.