పిడికెడు బియ్యం లెక్క

లక్డీకాపూల్‌ల మెట్రో దిగి రెడ్ హిల్స్ దిక్కు నడిస్తే నీలోఫర్ దవాఖాన వస్తది. ఊర్లల్ల పసిపిల్లలకు పానం మీదికొస్తే ఆఖరికి చేరేది ఆడికే. పోయిన వానకాలం మా చెల్లె బిడ్డను తీసుకొని నేను తొమ్మిది దినాలు ఆడ ఉన్న. పిల్ల లోపల, మేము బయట. గోడ పొంటి ఒక చాప, ఒక సంచి, నీళ్ల బాటిల్. ఇది చదివే తమ్ముళ్లల్ల, చెల్లెండ్లల్ల శానామందికి గసోంటి గోడ ఎరుకే ఉంటది.

పొద్దుమూకినంక ఒక చర్చోళ్లు ట్రాలీ ఆటోల అన్నం, సాంబారు తెచ్చేది. మూడో రోజు నేను గూడ లైన్ల నిలబడి ప్లేటు పట్టుకున్న. తినుకుంటనే పక్కనున్నాయనతోని ఇదంత ఫారిన్ పైసలని అన్న. వడ్డించే అక్క విన్నది. కోపానికి రాలే. తను నాలుగిండ్లల్ల వంటపని చేస్తదట. వాళ్ల చర్చిల తనసోంటి ఆడోళ్లే నెలకింత బియ్యం జమచేస్తరట, కూరగాయలు, గ్యాసు ఆదివారం కానుకల నుంచి వెళ్తయట. అంతే చెప్పి ఇంకో గంటె సాంబారు పోసి ముందటికి పోయింది.

నాకు సిగ్గైంది. ఎందుకంటే ఆ బియ్యం సంగతి నాకు తెల్వంది కాదు.

మాది మానుకోట దిక్కు. మా నాయినమ్మ ఎసరు పెట్టి, బియ్యం చాటలేసుకొని, కడిగేముందు ఒక పిడికెడు తీసి మూలకున్న కుండల ఏసేది. అది చర్చి కుండ. నాకు ఎనిమిదేండ్లప్పుడు ఒక కరువు ఏడు, ఆకలికి ఆగలేక ఆ కుండలకెళ్లి బియ్యం తీసుకొని బుక్కిన. నాయినమ్మ కొట్టలే, తిట్టలే. తెల్లారి రెండు పిడికిళ్లు ఏసింది. ఆ రోజే చర్చి మీద నాకు కోపం పుట్టింది. పేదోని కుండల చెయ్యి పెట్టే దేవుడేందని. పెద్దగై నాలుగు పుస్తకాలు సదివినంక ఆ కోపానికి మాటలు గూడ దొరికినయి. నేను చర్చికి పోయేటోన్ని కాదు, ఇప్పటికీ కాదు. గని మా నాయినమ్మ చేతికి ఆ అలవాటు ఏడికెళ్లి వచ్చిందో దేవులాడుకుంట పోతే ఒక మనిషి దొరికిండు.

నాంపల్లి నుంచో సికింద్రాబాద్ నుంచో కాజీపేట మీదుగ బెజవాడ దిక్కు పోయే రైలెక్కితే మానుకోట దాటినంక డోర్నకల్ జంక్షన్ వస్తది. ఆ ఊర్ల ఉన్న పెద్ద చర్చి కట్టించినాయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. మనోడు కాదు, తమిళాయన. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి దిక్కు వెళ్లాళన్‌విళై అనే పల్లెటూర్ల పుట్టిండు. తండ్రి ఊరి చర్చి పాస్టరు. కులం నాడార్లు, తాటిచెట్లెక్కి కల్లు గీసే కులం. మన దిక్కు గౌడన్నల పనే అనుకోండ్రి, గని ఆ కాలంల ఆడ వాళ్లను గుడి మెట్లు గూడ ఎక్కనియ్యకపోయేది.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల చదివిండు. ఆఖరి పరీక్షలప్పుడు జరమొచ్చి డిగ్రీ చేతికి రాలే. తర్వాత 1920ల కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది గని, బీఏ మాత్రం ఎన్నడూ లేదు. పదో తరగతి తప్పి పుస్తకాలు పట్టుకున్న నాసోంటోనికి ఈ ముచ్చట జర ఎక్కువే నచ్చింది, దాస్తే ఏమొస్తది.

వైఎంసీఏల పనిచేసుకుంట 1902ల సింహళం పోయిండు. జాఫ్నాల తమిళ క్రైస్తవులు తమ సొంత పైసలతోని వేరే జాగలకు సువార్త పనికి మనుషులను పంపుడు చూసిండు. వాళ్లు పెద్ద ఉన్నోళ్లేం కాదు. మరి తిరునల్వేలిల అంతమంది క్రైస్తవులుండి తెల్లదొరల చెయ్యి దిక్కు చూసుడేందని మనసుల పడ్డది. మరుసటి ఏడు, 1903ల, ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టిండ్రు. అందుల షరతు ఒక్కటే. మనుషులు ఈ దేశపోళ్లే, పైసలు ఈ దేశానివే, నడిపేది ఈ దేశపోళ్లే. తమిళ పల్లెల అణాలు, బియ్యం గింజలు జమచేసి పంపింది ఎక్కడికో తెలుసా? నిజాం రాజ్యంల మన మానుకోట, డోర్నకల్ దిక్కుకు. 1905 డిసెంబర్ 25న సేరంపూర్‌ల దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినప్పుడు గూడ ముందట ఉన్నది ఈయనే.

పంపుడేనా, పోవుడు లేదా అని తనను తనే అడుక్కున్నట్టుంది. 1909ల మద్రాసు కొలువు ఇడిసిపెట్టి, పాస్టరై, పెండ్లాం అన్బుతోని డోర్నకల్ వచ్చిండు. ముప్పై ఐదేండ్లకు తెలుగు అక్షరాలు దిద్దిండు. మొదట్ల డేరాలనే కాపురం. తిరుగుడు ఎడ్లబండి మీద, సైకిల్ మీద. 1910ల స్కాట్లాండుల ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల పెద్ద సభ అయితే, తెల్ల మిషనరీలు మనోళ్లను సమానంగ చూస్తలేరని వాళ్ల మొఖం మీదనే చెప్పిండు. రెండేండ్లకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తాల ఆయనను డోర్నకల్ బిషప్పు చేసిండ్రు. ఆంగ్లికన్ చర్చిల బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లోళ్లల్ల కొందరికి మింగుడు పడలే. తన సొంత తిరునల్వేలిల గూడ వద్దన్నోళ్లున్నరు.

ఇగ అసలు లెక్కకొస్తున్న. ఆయన చర్చిల చేరినోళ్లల్ల ఎక్కువమంది మాలలు, మాదిగలు. చేతుల నగదు ఉండదు. కూలి గింజల రూపంలనే వస్తది. అందుకని ఇచ్చుడు గూడ గింజలే. వంటచేసే ఆడమనిషి పూటకు పిడికెడు పక్కకు పెట్టాలె, ఆదివారం చర్చికి తేవాలె. పంట కోతలైనంక కోతల పండుగ. జొన్న కంకులు, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, మేకపిల్లలు తెచ్చి పెడితే ఆడనే వేలం పాడుతరు. ఈ అలవాటును అజరయ్య కనిపెట్టలే, తమిళ దేశంల ముందు నుంచే ఉండె. మిజోరంల చర్చిలు ఇప్పటికీ పిడికెడు బియ్యంతోనే పెద్ద పెద్ద పనులు చేస్తున్నయి. ఈయన చేసింది దాన్ని పట్టుబట్టి నడుపుడు. ఊరి పంతులు తిండి ఊరే చూసుకోవాలెనన్నది ఆయన పట్టు. ఇచ్చుడు మీద ఒక పుస్తకమే రాసిండు.

ఆ గింజలు ఏమైనయంటే, గూడెంల బడి అయినయి. పాస్టర్లకు శిక్షణిచ్చే కాడికి మొగోడు ఒక్కడే రావద్దు, పెండ్లాం పిల్లలతోని రావాలె. ఆడోళ్లకు అన్బు చదువు చెప్పేది. 1935 నాటికి ఆ డయోసిస్‌ల 250 మంది భారతీయ పాస్టర్లు, 2,000 మందికి పైగ ఊరి పంతుళ్లు ఉన్నరు. దవాఖానలు, సహకార సంఘాలు, అచ్చు ప్రెస్సు గూడ. కృష్ణా దిక్కు బ్రిటిషు ప్రాంతాలు తర్వాత ఇండ్ల కలిసినయి. విదేశీ సొసైటీల పైసలు రాలేదా అంటే వచ్చినయి, బడులకు, దవాఖానలకు మంచిగనే వచ్చినయి. నేను దాస్తలేను. గని వాటి మీదనే బతికే చర్చి ఎన్నటికీ చిన్నపిల్లగనే ఉంటదని ఆయన నమ్మిండు.

నాకు అర్థమైంది ఇంకోటి గూడ ఉన్నది. అది నిజాం కాలం, వెట్టి కాలం. మాదిగాయన దొరకు చెప్పులు కుట్టియ్యాలె, మోట తోలు ఇయ్యాలె, మూటలు మోయాలె, పైస అడగొద్దు. తరతరాలుగ వాని చేతిలకెళ్లి గుంజుకునుడే తప్ప, వాడు ఇచ్చిండని ఎవడూ రాసుకోలే. చర్చిల మాత్రం పిడికెడు బియ్యానికి గూడ లెక్క ఉండె. మా నాయినమ్మ రెండో పిడికిలి ఎందుకేసిందో గిప్పుడు కొంచెం సమజవుతది. కొంచెమే. ఆకలున్న ఇంట్లకెళ్లి గింజ తీసుకునుడు న్యాయమా అన్న నా ఎనిమిదేండ్ల ప్రశ్న అట్లనే ఉన్నది. దానికి అజరయ్య కాడ నాకు నిండు జవాబు దొరకలే.

ఆయన గెలవలేనిది ఇంకోటి కులం. మాల, మాదిగలను ఒక్క కాడ కూసోబెట్టి తినిపియ్యాలెనని శాన తండ్లాడిండు. గని ఎన్ని ఊర్లల్ల ఇప్పటికీ రెండు చర్చిలు, రెండు బొందలగడ్డలు ఉన్నయో మీకే తెలుసు. మతం మార్పిడి మీద గాంధీతోని పెద్ద పంచాయితే నడిచింది. అట్లని ఆయన తెల్ల సర్కారు మనిషేం కాదు, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నడు.

డోర్నకల్ చర్చి కట్టుడు పైసలు అందక ఏండ్ల తరబడి ఆగుకుంట, నడుసుకుంట సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయ్యింది. చూస్తే ఇంగ్లండు చర్చి లెక్క ఉండదు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని యాదికి తెస్తయి. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లనే కన్నుమూసిండు, సమాధి గూడ ఆ చర్చి ఆవరణలనే. 1919 నుంచి ఆయన తిరిగిన చర్చిల ఐక్యత, సీఎస్ఐ పేరు మీద 1947 సెప్టెంబర్‌ల అయ్యింది. చూసే భాగ్యం ఆయనకు లేకపాయె. ఇప్పుడు చర్చి భూముల మీద కోర్టులల్ల నడిచే కొట్లాటలు చూడకుండ పోవుడు మాత్రం మంచిదే అయ్యింది.

పదో రోజు పిల్లను డిశ్చార్జి చేసిండ్రు. ఇంటికెళ్లి తెచ్చుకున్న రేషన్ బియ్యం సంచిల ఇంక మిగిలున్నయి. వండుకునే జాగ దొరకలే, తిన్నది అంత ఆ ట్రాలీ ఆటో అన్నమే. లక్డీకాపూల్ బస్టాపుకు పోయేముందు మా చెల్లె ఆ సంచి తీసుకపోయి అక్కకు ఇచ్చింది. నేను వద్దనలే. ఆమె కొంగుల నుంచి చిన్న నోట్‌బుక్కు తీసి, మా ఊరి పేరు అడిగి, కిలోన్నర అని రాసుకున్నది.