హాడిల్ దొర గొలుసు - ఎలిజబెత్ వీధి వాగు

సర్వే శాఖలో గొలుసు పట్టి ఎండనక వాననక తిరిగినవాళ్ళం మనం. ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన వృత్తికే చెందిన ఒక పెద్దమనిషి గుర్తుకొచ్చారు. ఆయన పేరు రాబర్ట్ హాడిల్. మన దేశంలో ఈ పేరు ఎక్కువమందికి తెలియకపోవచ్చు గానీ, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో తెలియనివారు తక్కువ. ఆ నగరం నడిబొడ్డును ఇప్పటికీ హాడిల్ గ్రిడ్ అనే పిలుస్తారు. ఒక పెద్ద రహదారికీ ఆయన పేరే ఉంది. మా అమ్మాయి కాపురం ఆ ఊళ్ళో కావడం వల్ల రెండుసార్లు వెళ్ళి ఆ వీధులన్నీ కాలినడకన తిరిగాను. ఆయన మీద గౌరవమూ కలిగింది, మనసులో ఒక ముల్లూ గుచ్చుకుంది. రెండూ మీతో పంచుకుంటాను.

హాడిల్ 1794లో లండన్ నగరంలోని వెస్ట్‌మినిస్టర్‌లో జన్మించారు. తండ్రి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో గుమాస్తా. 1812లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, సైనిక సర్వే విభాగంలో చేరి కొలత పని నేర్చుకున్నారు. 1822లో ఆఫ్రికా దక్షిణాన ఉన్న కేప్ కాలనీకి, మరుసటి ఏడు అక్కడి నుంచి సిడ్నీకి వెళ్ళారు. సర్వేయర్ జనరల్ జాన్ ఆక్స్‌లీ దగ్గర అసిస్టెంట్ సర్వేయరుగా కుదిరారు. ఆ తరువాత పద్నాలుగేళ్ళ పాటు న్యూ సౌత్ వేల్స్ కొండల్లో, అడవుల్లో డేరాలు వేసుకుని పని చేశారు. నేటి రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతాన్ని కొలిచినవారిలో ఆయన ఒకరు. చిత్రకళలో ప్రవేశం ఉండడం వల్ల తాను చూసిన ప్రదేశాలకు రంగుల బొమ్మలు కూడా గీశారు.

1835లో యారా నది ఒడ్డున తెల్లవారు కొందరు దిగి గుడిసెలు వేసుకున్నారు. ఆ నేల కులిన్ జాతుల ఆదివాసులది. వారిని అడిగి ఇచ్చిన భూమి కాదది. 1837 మార్చిలో గవర్నర్ రిచర్డ్ బర్క్ స్వయంగా అక్కడికి వెళుతూ హాడిల్‌ను వెంట తీసుకువెళ్ళారు. పట్టణానికి మెల్‌బోర్న్ అని పేరు పెట్టింది బర్కే. అంతకుముందే రాబర్ట్ రసెల్ అనే సర్వేయర్ ఆ స్థలానికి ఒక పటం గీసి ఉన్నారు. దాన్ని ఆధారం చేసుకుని హాడిల్ వీధులు వేశారు.

మన గొలుసే ఆయన గొలుసు. గుంటర్ గొలుసు, 66 అడుగులు, 100 లింకులు. పది గొలుసుల పొడవు, పది గొలుసుల వెడల్పుతో బ్లాకులు. అంటే ఒక్కో బ్లాకు పది ఎకరాలు. దాన్ని సుమారు అర ఎకరం చొప్పున 20 ప్లాట్లు చేశారు. ప్రధాన వీధులు గొలుసున్నర, అంటే 99 అడుగులు. గుర్రపుబండ్లు కూడా లేని ఊరికి అంత వెడల్పు ఎందుకని ఎవరైనా అనుకుంటారు. హాడిల్ మాత్రం వెడల్పు వీధుల పక్షం. ఇళ్ళ వెనుక వైపు దారికి సందులు కావాలన్నది బర్క్ పట్టు. చివరకు రాజీ కుదిరి, 99 అడుగుల వీధుల మధ్య 33 అడుగుల చిన్న వీధులు వచ్చాయి. ఈనాడు ట్రాములు, కార్లు, జనం అంతా ఇరుకు లేకుండా తిరుగుతున్నారంటే ఆ పుణ్యం చాలావరకు హాడిల్‌దే.

1837 జూన్ 1న మొదటి వేలంపాట జరిగింది. పాట పాడించింది కూడా సర్వేయరుగారే. అంతటితో ఆగక, ఎలిజబెత్ వీధి, బర్క్ వీధి కలిసే మూల దగ్గర రెండు ప్లాట్లు 54 పౌన్లకు తానే కొనుక్కున్నారు. మన కాలంలో అయితే చార్జిమెమో చేతికి వచ్చేది! ఆ కాలంలో దానిని ఎవరూ అడ్డుకోలేదు. తరువాత ఆ స్థలాల విలువ పెరిగి ఆయన ధనవంతులయ్యారు.

ఇక గుచ్చుకున్న ముల్లు సంగతి. ఎలిజబెత్ వీధిలో నిలబడి తూర్పుకు చూసినా ఎత్తే, పడమరకు చూసినా ఎత్తే. ఆ వీధి పళ్ళెం అడుగులా ఉంటుంది. మనలాంటివాడికి అది చూడగానే తెలిసిపోతుంది, అది వాగు దారి అని. నిజమే. ఉత్తరం నుంచి వాననీరంతా ఆ పల్లం వెంట దిగి యారా నదిలో కలిసేది. చతురస్రపు గళ్ళు నేల మీద పరిచినప్పుడు వాగు మీద వీధి వచ్చింది, వీధికి రెండు పక్కలా ప్లాట్లు వచ్చాయి.

వాన కురిసినప్పుడల్లా వీధి ఏరయ్యేది. మూల మీద ఉన్న ఒక కిరాణా వర్తకుని పేరు కలిపి జనం దానికి టౌన్‌ఎండ్ నది అని ఎగతాళి పేరు పెట్టారు. దుకాణాల్లోకి, నేలమాళిగల్లోకి నీరు చొరబడి సరుకు పాడయ్యేది. వీధి పక్కన రాతితో వెడల్పాటి కాలువలు కట్టి, దాటడానికి చెక్క వంతెనలు వేశారు. వానల్లో ఆ కాలువల్లో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. 1851లో బంగారం దొరికింది. ఆ ఏడు 77 వేలున్న విక్టోరియా కాలనీ జనాభా పదేళ్ళలో 5 లక్షలు దాటింది. ఇళ్ళ మురుగంతా ఆ కాలువల్లోకే వదిలేవారు. టైఫాయిడ్ ప్రబలింది. ఊరి పేరును కంపుతో కలిపి నవ్వుకునే స్థితి వచ్చింది. 1891లో మురుగునీటి బోర్డు ఏర్పడి, 1897లో మొదటి ఇళ్ళకు భూగర్భ మురుగు గొట్టాలు కలిపేదాకా ఆ బాధ తీరలేదు. వాననీటికి భూమి కింద పెద్ద తూము కట్టినా వాగు తన దారి మరిచిపోలేదు. 1972 ఫిబ్రవరి 17న ఒక్క గట్టి వానకు ఎలిజబెత్ వీధిలో కార్లు తేలాయి.

తప్పంతా హాడిల్ మీద వేయడం న్యాయం కాదు. గళ్ళ పద్ధతి అప్పటి ప్రభుత్వ విధానం. గవర్నరు పక్కనే నిలబడి ఉన్నారు. వేలానికి తొందర. ఆ పల్లం పక్కనే తన సొంత డబ్బు పెట్టారంటే దాన్ని ప్రమాదంగా ఆయన భావించలేదనే అనుకోవాలి. కానీ కొలత తెలిసిన కంటికి పల్లం కనబడకుండా ఉండదు. వాగుకు ఒక గొలుసు వెడల్పు వదిలిపెట్టి ఉంటే ఎన్ని దుకాణాలు, ఎన్ని ప్రాణాలు దక్కేవో!

ఈ మాట అనే అర్హత నాకు ఉందా అని కూడా ఆలోచించాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పట్టణంలో లేఔటుకు హద్దులు చూపించాను. ఎఫ్.ఎం.బి.లో సన్నని వాగు గీత ఉంది. వేసవి కనుక నేల మీద చుక్క నీరు లేదు. పైవారు తొందరపెట్టారు, నేను నోరు మెదపలేదు. కొన్నేళ్ళకు తుపానులో ఆ ఇళ్ళలోకి నడుములోతు నీళ్ళు వచ్చాయి. ప్రాణనష్టం జరగలేదు. కానీ తడిసిన పెళ్ళిబట్టలు, పిల్లల పుస్తకాలు గోడల మీద ఆరేసుకుంటున్న ఒక తల్లిని చూసి ఆ సందులోంచి తలవంచుకుని వచ్చేశాను. అందుకే హాడిల్‌ను నిందించడానికి నాకు నోరు రాదు.

1851లో విక్టోరియా ప్రత్యేక కాలనీ అయినప్పుడు హాడిల్ దానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1853లో పదవీ విరమణ చేశారు. ఆ తరువాత 28 సంవత్సరాలు పెన్షనరుగా జీవించారు. మన సంఘ సభ్యులందరికీ అలాంటి ఆయుష్షు కలగాలి! తోట పెంచుకుంటూ, ఆర్గన్, వేణువు వాయించుకుంటూ, బర్క్ వీధి పడమటి చివర ఉన్న సొంత ఇంట్లో 1881 అక్టోబరులో, 87వ ఏట కన్నుమూశారు. తాను గీసిన వీధిలో నీరు పారడం ఆయన నలభై ఏళ్ళకు పైగా చూసే ఉంటారు.

మిత్రులారా, మనం రిటైరైనా ప్లాటు కొనేముందు సలహా కోసం మన గుమ్మం తొక్కేవాళ్ళు ఉన్నారు. దస్తావేజు చూసి సరేననకండి. పాత ఎఫ్.ఎం.బి. తెప్పించి వాగు గీత ఎక్కడుందో చూడండి. వీలైతే వానాకాలంలో ఒకసారి వెళ్ళి ఆ నేల మీద నిలబడండి. సర్వీసులో ఉండగా చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పడానికి మనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.